రాప్సొడీ ఆడిన: మంత్రగత్తె పాటకి మెట్రో కోచ్ మొత్తం నా వైపు తిరిగింది

ముందే చెప్పేస్తున్నా, గ్రాఫిక్స్ చూసి నోరెళ్ళబెట్టే గేమ్ కావాలంటే ఇక్కడితో ఆపేసి వేరే రివ్యూ చూస్కోండి. ఇది 1998 డిసెంబర్ లో జపాన్ లో మొదటి ప్లేస్టేషన్ కోసం వచ్చిన గేమ్, నిప్పాన్ ఇచీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేశారు, వాళ్ళ భాషలో పేరుకి అర్థం మార్ల్ రాజ్యపు బొమ్మల రాకుమారి అని, 2000 లో అట్లస్ వాళ్ళు అమెరికాకి తెచ్చినప్పుడు రాప్సొడీ: ఎ మ్యూజికల్ అడ్వెంచర్ అయింది. అప్పట్లో మన దగ్గర ప్లేస్టేషన్ ఉన్నోళ్ళే తక్కువ, ఉన్నోళ్ళు కూడా కుస్తీలు, కార్ రేసులు, ఫుట్‌బాల్ ఆడుకునేటోళ్ళు గానీ ఒక ఆడపిల్ల బూర ఊదుకుంటూ బొమ్మల్ని వెంటేసుకుని తిరుగుతూ మధ్యమధ్యలో పాటలు పాడే గేమ్ కావాలని షాపులో ఎవడడుగుతాడు. నేనైతే అడగలా. అడిగుంటే మా గల్లీలో నా పరువు గంగలో కలిసేది.

ఇప్పుడు పరువు గోల లేదు, మొన్న ఎండాకాలం సెలవుల్లో మా మేనకోడలు హన్మకొండ నుంచి వచ్చింది, మూడో క్లాస్ అయిపోయి నాలుగుకి పోతది, ఉప్పల్ లో మా ఇంట్లో నెల రోజులు. బయట ఎండ మాడుపగులుతుంటే ఆటకి పోనివ్వరు, ఫోన్ ఇస్తే రీల్స్ చూస్తదని మా అక్క వార్నింగ్, నా దగ్గరేమో మా పెద్దమ్మ కొడుకు డాలస్ నుంచి తెచ్చిచ్చిన స్విచ్ ఉంది, అంటే నింటెండో వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్. దాంతోపాటు వాడు ఒక గేమ్ కార్ట్ కూడా పడేసి పోయాడు, ప్రిన్నీ ప్రెజెంట్స్ ఎన్ఐఎస్ క్లాసిక్స్ వాల్యూమ్ 3 అని 2022 లో వచ్చింది, అందులో రెండు గేమ్‌లు, ఒకటి లా పుసెల్ రాగ్నరాక్, రెండోది ఇది. లా పుసెల్ పెద్దది, లెక్కలెక్కువ, గళ్ళ మీద గంటలు గంటలు ఆలోచించాలి, దాన్ని పక్కన పెట్టా, పిల్లతో కూర్చుని ఆడేది ఏదైనా ఉందా అని చూస్తే ఇది తగిలింది. పన్నెండు గంటల్లో అయిపోయింది, అది కూడా మధ్యలో మామిడిపండ్లు తినే బ్రేకులు కలిపి.

కథ మూడు ముక్కల్లో చెప్తా. కార్నెట్ అని పదహారేళ్ళ పిల్ల, ఆరెంజ్ అనే చిన్న ఊర్లో బొమ్మలు చేసే తాత దగ్గర పెరుగుతది, తల్లి లేదు. ఈ పిల్లకి బొమ్మలతో మాట్లాడే శక్తి ఉంటది, తన బూర ఊదితే బొమ్మలు లేచి చెప్పినమాట వింటాయి. కురురు అనే బొమ్మ ఎప్పుడూ తనతోనే ఉంటది, అది మాత్రం బూరతో పనిలేకుండా సొంతంగా మాట్లాడ్తది, ఎగుర్తది, కార్నెట్‌ని ఏడిపిస్తది, తిడ్తది కూడా. ఈ పిల్లకి ఫెర్డినాండ్ అనే రాకుమారుడు ఇష్టం. ఒకరోజు అడవిలో ఆపదలో ఉంటే ఆయనొచ్చి కాపాడతాడు, ఇంకేముంది, మన పిల్ల ఫ్లాట్. అంతలో మార్జోలీ అనే మంత్రగత్తె కూడా అదే రాకుమారుడి మీద మనసు పారేసుకుని, నిద్రపుచ్చి ఎత్తుకుపోదామని మంత్రం వేస్తది, మంత్రం తప్పు పడ్తది, ఆయన కాస్తా రాయి అయిపోతాడు. అంతే, ఇక్కడినుంచి రాకుమారుడి పని అయిపోయింది, విగ్రహంలా నిలబడి ఉండుడే, పిల్లే బొమ్మల్ని వెంటేసుకుని శాపం విడిపించే అయిదు రాళ్ళ కోసం ఊర్లు పట్టుకుని తిరగాలి.

మనకి ఇది కొత్త కథ కాదు కదా. రాయైపోవుడు, మంత్రగాళ్ళు, శాపవిమోచనం, ఏడు సముద్రాల అవతల చెట్టుతొర్రలో చిలక, ఇవన్నీ అన్నంలో కలుపుకుని తిన్నోళ్ళం మనం. కాకపోతే మన జానపద సినిమాల్లో రాయయ్యేది రాకుమారి, గుర్రమెక్కి పోయేది రాకుమారుడు, హీరోయిన్ రెండు పాటలకొచ్చి మూడో పాటకి మళ్ళీ క్లైమాక్స్‌లో కనబడ్తది. ఇక్కడ ఆ హీరోయిన్ ఉద్యోగం ఫెర్డినాండ్‌కి ఇచ్చారు. మా మేనకోడలికి ఇది వింతగా కూడా అనిపించలా, "రాజు రాయి అయిండు, అక్క పోయి తెస్తది" అని అమ్మకి చెప్పేసింది, అంత సింపుల్. వింతగా అనిపించింది నాకే.

సరే పాటల దగ్గరికొస్తా, ఎందుకంటే ఈ గేమ్‌లో పైసలకి విలువ ఎక్కడుందీ అంటే అక్కడే ఉంది, మిగతాదంతా పాట నుంచి పాటకి నడుచుకుంటూ పోవడం. టెన్‌పేయ్ సాటో అనే ఆయన సంగీతం, ఇదే కంపెనీ వాళ్ళ డిస్‌గాయా గేమ్‌లు ఆడినోళ్ళకి ఈయన పేరు తెలిసే ఉంటది, ఆ కుట్ర నవ్వుల మ్యూజిక్ అంతా ఆయనదే. ఇక్కడ మాటలు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ ఉన్నోళ్ళు ఒక్కసారి స్టెప్పేసి పాటెత్తుకుంటారు, కింద లిరిక్స్ వస్తుంటాయి, ఆ చిన్న చిన్న బొమ్మ గుర్తుల్లాంటి మనుషులు చెయ్యి ఊపుకుంటూ గిరగిరా తిరుగుతుంటారు. ఇప్పటి గేముల్లో లాగా మొహంలో ఒక్కొక్క కండరం కదలదు, నోరు కూడా సరిగ్గా కదలదు, అయినా పాట నడుస్తున్నంతసేపూ చూడబుద్దైతది.

చిన్నప్పుడు మా తాత నన్ను పబ్లిక్ గార్డెన్స్ లో లలిత కళా తోరణానికి తీసుకపోయేవాడు, సురభి వాళ్ళ నాటకాలకి. 1885 లో కడప జిల్లా సురభి అనే ఊర్లో మొదలైన కంపెనీ, కుటుంబం కుటుంబమంతా స్టేజీ మీదే పుట్టి పెరిగినోళ్ళు. అందులో మనిషి మామూలుగా కోపంగా మాట్లాడుతుంటాడు, కోపం మాటల్లో పట్టకపోతే పద్యం అందుకుంటాడు, రాగం ఎక్కడికో పోతది, ఎదురుగా ఉన్నోడు అప్పటిదాకా కత్తి పట్టుకుని ఓపిగ్గా నిలబడాలి. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాలి, చచ్చిపోయినోడైనా లేచి పాడి మళ్ళీ చచ్చిపోవాలి. ఎవ్వరికీ అది తప్పుగా అనిపించదు. ఈ గేమ్ ఆడుతుంటే సరిగ్గా అదే గుర్తొచ్చింది నాకు. బయట దేశాల్లో వీడియో గేమ్‌లో పాటలేంటని ఆశ్చర్యపోయి ఉండొచ్చు, మనకి మాత్రం పాట లేకపోతేనే ఏదో తేడా కొడ్తది. మార్జోలీ వచ్చిందంటే నేను కూడా వన్స్‌మోర్ అన్నా, పిల్ల నిజంగానే ఇంకోసారి కావాలని పట్టుబట్టింది, పాత సేవ్ లోడ్ చేసి, ముందున్న ఫైట్ మళ్ళీ ఆడి, పాట మళ్ళీ చూపించా. మూడుసార్లు.

మార్జోలీ గురించి వేరేగా చెప్పాలి. విలన్ అన్నమాటే గానీ నిజానికి గేమ్‌కి ప్రాణం ఆవిడే. తన గొప్ప తనే చెప్పుకుంటూ ఒక పాట పాడ్తది, వెనకాల పిల్లి లాంటిదొకతి, కాకి లాంటిదొకతి, ఇంకో తోక, అందరూ కోరస్. తప్పు మంత్రం వేసి రాకుమారుణ్ణి రాయి చేసింది తనే, ఆ తర్వాత ఏడ్చేది కూడా తనే. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వస్తే రాముడు రావణుడు గురించి మర్చిపోయి అందరూ లేచి కూర్చుంటారు చూడండి, వీళ్ళు స్క్రీన్ మీదకొస్తే మా ఇంట్లో అదే సీను. వంటింట్లో పోపు వదిలేసి అమ్మ కూడా వచ్చేది, "ఆ దయ్యంది మల్ల వచ్చిందా" అనుకుంటూ.

ఇక మెట్రో సంగతి. పిల్ల నిద్రపోయినాక నేను ఆడితే ఒప్పుకోదు, తను లేకుండా కథ ముందుకి పోకూడదు అని రూల్, కాబట్టి నేను వేరే సేవ్ ఫైల్ పెట్టుకుని ఆఫీస్‌కి పోతూ మెట్రోలో ఆడేవాణ్ణి. ఉప్పల్ లో ఎక్కితే సీటు దొరుకుతది, రాయదుర్గం దాకా బోలెడంత టైమ్. ఒక సోమవారం పొద్దున ఇయర్‌బడ్స్ పెట్టుకున్నా, నాయిస్ క్యాన్సిలింగ్ వి, బయట బాంబు పేలినా వినబడదు. సౌండ్ రావట్లే. పెంచా. రావట్లే. ఫుల్ పెట్టా. అయినా రావట్లే, సరే ఏదో బ్లూటూత్ గోల, సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అని అలాగే మార్జోలీ సీన్ మొదలుపెట్టా. బేగంపేట దాటి అమీర్‌పేట దగ్గర పడ్తున్నాం, ఎదురుగా నిలబడ్డ పెద్దాయన నన్ను అదోలా చూస్తున్నాడు, పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఏందిరా అని ఒక బడ్ తీస్తే, స్విచ్ స్పీకర్ లోంచి మంత్రగత్తె ఫుల్ వాల్యూమ్‌లో తనంత అందగత్తె లేదని బ్యాండ్‌మేళంతో వాయిస్తున్నది, కోచ్ మొత్తం వింటున్నది. ఇయర్‌బడ్స్ ఫోన్‌కి కనెక్ట్ అయి ఉన్నాయి. అమీర్‌పేట లో దిగిపోయి తర్వాత ట్రైన్ ఎక్కా. దిగుతుంటే ఆ కాలేజీ పిల్లల్లో ఒకడు "అన్నా గేమ్ పేరేంది" అని అడిగాడు, సిగ్గుతో చెప్పలా, తమ్మీ ఇది చదువుతుంటే రాప్సొడీ రా అది.

ఫైట్లు. అబ్బా, ఎట్ల చెప్పాలి, ఉన్నాయి అంటే ఉన్నాయి. గళ్ళ నేల మీద ఏటవాలు కోణంలో చదరంగం లాగా, కార్నెట్ ఇంకా మూడు బొమ్మలు, లేదంటే దారిలో ఓడించిన జంతువులు మనతో చేరిపోతాయి, వాటిని కూడా వాడుకోవచ్చు. తనవంతు రాగానే జరుగు, కొట్టు, అయిపోయింది. మొదట్లోనే ఈజీ, నార్మల్, హార్డ్ అడుగుతది, నేను నార్మల్ పెట్టా, పిల్ల ఒక్కతే ఆడినా గెలిచేస్తుంది, ఈజీలో అయితే కళ్ళు మూసుకుని బటన్ నొక్కినా సరిపోతది. లెవెల్ పెంచాలి, ఆయుధం మార్చాలి అని బుర్ర పాడు చేసుకునే అవసరం మాకు ఒక్కసారి కూడా రాలా. స్ట్రాటజీ కోసం వచ్చే జనానికి చప్పగా ఉంటది, నిజం చెప్తున్నా, ఉప్పు లేని పప్పు.

కానీ ఒక్కటుంది. ఫైట్లో కార్నెట్ బూర ఊదితే బొమ్మలకి బలమొస్తది, ఆ లెక్క కొంచెం కొంచెంగా పోగైతే పెద్ద ఎటాక్ చెయ్యొచ్చు, ఆ ఎటాక్ ఏంటంటే పైనుంచి తినే వస్తువులు పడడం. మొట్టమొదటిది పాన్‌కేక్. ఇంత పెద్ద గుండ్రటి పాన్‌కేక్‌లు ఆకాశం నుంచి దబదబా శత్రువుల నెత్తిన. మా బుడ్డది పాన్‌కేక్ ఎప్పుడు తిన్నది పాపం, "మామా దోశలు పడ్తున్నయ్" అని ఎగిరి గంతేసింది, "దిబ్బరొట్టె అది" అని అమ్మ కరెక్షన్. అప్పట్నుంచి మా ఇంట్లో ఆ ఎటాక్ పేరు దిబ్బరొట్టె. ఫైట్ మొదలవ్వగానే "దిబ్బరొట్టె వెయ్ మామా, దిబ్బరొట్టె వెయ్", ఇంకా పోగవ్వలేదే అంటే వినదు. సాయంత్రం నిజంగానే దిబ్బరొట్టె కావాలని మారాం, రాత్రికి పిండి నానబెట్టాల్సొచ్చింది. ఈ ఖర్చు కూడా రివ్యూలో కలపాలి న్యాయంగా.

గేమ్‌లో నాకు చిరాకు పుట్టించింది ఆ గుహలూ కోటలూ. ఊర్లేమో ముద్దొస్తాయి, చేత్తో రంగులేసినట్టు ఉండే బ్యాక్‌గ్రౌండ్లు, ఇళ్ళ ముందు పూలు, మదర్‌గ్రీన్ అని రాజధాని ఉంది, అక్కడ ప్రతి ఇంట్లోకీ దూరి అందరితో మాట్లాడుతూ పోతే టైమే తెలీదు. అదే ఒక గుహలోకి పోయారా, ఒక గది, ఇంకో గది, ఇంకో గది, అన్నీ ఒకటే. అదే గోడ, అదే రాయి, అదే మలుపు, మ్యాప్ లేదు, పది అడుగులకోసారి శత్రువులు ప్రత్యక్షం, ఫైట్ అయ్యాక ఎటునుంచి వచ్చామో మర్చిపోతాం. కోఠీ గల్లీల్లో తప్పిపోయినా మూలమీద ఏదో ఒక మిర్చి బండి గుర్తుంటది, దాన్ని పట్టుకుని బయటపడొచ్చు, ఇక్కడ అదీ లేదు. ఒకచోట నలభై నిమిషాలు తిరిగా, నా కర్మ ఏంటంటే తిరిగి తిరిగి మొదట్లో ఉన్న ద్వారం దగ్గరికే వచ్చా.

అప్పుడు పిల్ల లోపలికి పోయి లెక్కల నోట్‌బుక్ తెచ్చింది, వెనక పేజీలు ఖాళీ. పెన్సిల్‌తో ఒక డబ్బా గీసింది, "ఇది మొదటిది, దీనికి మూడు తలుపులు, నువ్వు ఎడమ దాంట్లకి పో" అని ఆర్డర్. నేను పోతుంటే అది డబ్బాకి డబ్బా అతికిస్తూ పోయింది, దారి మూసుకుపోతే ఇంటూ మార్కు, పెట్టె దొరికితే చిన్న లడ్డు బొమ్మ, ఫైట్ కష్టంగా అయితే కొమ్ములున్న తలకాయ. గంటలో ఆ గుహ మొత్తం పేజీన్నర మీద దిగింది. తర్వాత అన్ని గుహలకీ అదే పద్ధతి, చివరికి తొమ్మిది పేజీలు అయ్యాయి, మా అక్క చూసి "హాలిడే హోంవర్క్ చెయ్యమంటే ఇదేంది" అన్నది గానీ నాకైతే ఆ తొమ్మిది పేజీలు గేమ్ కన్నా ఎక్కువ నచ్చాయి. గేమ్ చేసినోళ్ళు ఇలా ఆడాలని అనుకుని ఉండరు, బద్దకంతో ఒకే గదిని కాపీ కొట్టుకుంటూ పోయారనే నా అనుమానం, కానీ పక్కన పిల్ల ఉంటే ఆ బద్దకం కూడా కలిసొచ్చింది. ఒక్కరే ఆడేవాళ్ళయితే మాత్రం నోట్‌బుక్ మీరే తెచ్చుకోండి.

ఇంకో చిరాకు గేమ్‌ది కాదు. టీవీకి పెట్టి ఆడదామని సికింద్రాబాద్ లో ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ కంట్రోలర్ కొన్నా, ఇంటికొచ్చి పెడితే కార్నెట్ ఎవ్వరూ ముట్టుకోకుండానే ఎడమకి నడిచిపోయి గోడకి మొహం పెట్టి నిలబడ్తది. పిల్ల ఏమో "అక్క అలిగింది" అంటది. తిరిగి తీసుకపోతే షాపతను "అది కంట్రోలర్ కాదన్నా, గేమ్ పాతది కదా, అట్లనే ఉంటది" అన్నాడు మొహం మీద నవ్వు చెదరకుండా, వాదించి వాదించి చివరికి సగం పైసలకి ఇంకోటి తెచ్చుకున్నా. టీవీ మీద ఆడొచ్చా అంటే ఆడొచ్చు, కాకపోతే పాత ప్లేస్టేషన్ కాలం బొమ్మ కదా, 43 ఇంచుల మీద మనుషులు గళ్ళు గళ్ళుగా కనిపిస్తారు, చేతిలో పట్టుకుని ఆడితేనే ముద్దుగా ఉంటది.

మనుషుల విషయంలో ఎత్వాల్ అని ఒక పిల్లని మర్చిపోవద్దు. డబ్బున్నోళ్ళ బిడ్డ, కార్నెట్‌కి చిన్నప్పట్నుంచి పోటీ, రాకుమారుడి పెళ్ళిచూపుల పోటీలో కూడా ఎదురు నిలబడ్తది, పాలరాతి బొమ్మలా తయారై వచ్చి అవసరమొస్తే మెషిన్ గన్ తీసి టపటపా కాల్చేస్తది. జూబ్లీహిల్స్ నక్రాలు అన్నీ ఉంటాయి గానీ మనసు చెడ్డది కాదు. ఈమె ఇంటిపేరు రోజెన్‌క్వీన్, డిస్‌గాయా ఆడినోళ్ళు అందులో వస్తువులు కొనే షాపు పేరు ఒకసారి గుర్తు చేసుకోండి, అదే వీళ్ళ కంపెనీ, నిప్పాన్ ఇచీ వాళ్ళ అమెరికా బ్రాంచ్ ఒకప్పుడు తమ ఆన్‌లైన్ స్టోర్‌కి కూడా ఆ పేరే పెట్టుకుంది. డిస్‌గాయా 2003 లో వచ్చింది, అంటే ఆ గోలంతటికీ మూలం ఈ బొమ్మల గేమ్‌లో ఉందన్నమాట, నాకు ఇది తెలిశాక పాత చుట్టాన్ని పెళ్ళిలో చూసినట్టు అనిపించింది.

కథలో ఒక రహస్యం ఉంది, కురురు గురించి, చెప్పను. నాకు చివరిదాకా తట్టలేదు. అమ్మ మాత్రం రెండో రోజు పక్కన కూర్చుని గోకరకాయలు తుంచుకుంటూ, మొత్తం కలిపి ఇరవై నిమిషాలు కూడా చూసుండదు, ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు, "ఆ చిన్న బొమ్మ ఉన్నది చూడు, అది ఆ పిల్లకి ఏమైతదో చెప్పాల్నా" అని చెప్పేసింది. అదేం కాదమ్మా, బొమ్మ అది, అన్నా నేను. పది రోజుల తర్వాత ఆ సీన్ వచ్చింది, అమ్మ చెప్పిందే. ఎట్ల తెలిసిందమ్మా అంటే, "తిడ్తున్నప్పుడు చూసిన, ఊరికే తిట్టుతలేదది" అన్నది. కురురు తిట్టేటప్పుడు ఆ చిన్న బొమ్మ కార్నెట్ దగ్గరికి ఎంత దగ్గరగా వచ్చి నిలబడ్తదో నేను ఆ తర్వాతే గమనించా. ఇన్ని సీరియళ్ళు చూసినందుకు ఏదో ఒక లాభం ఉండాలి కదా.

ఆ సీన్ లో, ఆ తర్వాత వచ్చే చివరి ఘట్టంలో మా ఇల్లు సైలెంట్ అయిపోయింది. అప్పటిదాకా దిబ్బరొట్టెలు, మెషిన్ గన్లు, పిల్లి కాకి కోరస్ అని నవ్వించి నవ్వించి ఒక్కసారిగా లోపల చెయ్యి పెట్టి పిండేస్తది. కరెంట్ పోయింది కూడా అప్పుడే, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే తిరుగుతున్నది, చేతిలో చిన్న స్క్రీన్ వెలుతురులో ముగ్గురం తలకాయలు కలిపి చూసినం. నేను లిరిక్స్ చదివి తెలుగులో చెప్పాల్సింది, మధ్యలో నా గొంతు పట్టేసింది, పిల్ల "చెప్పు మామా ఏమంటుంది" అని గుంజుతున్నది, అమ్మ "ఏం చెప్పనక్కర్లే, అర్థమైతుంది" అన్నది.

కొనాలనుకునేవాళ్ళకి కొన్ని ముక్కలు. ఈ గేమ్ 2008 లో డీఎస్ కి, అంటే నింటెండో వాళ్ళ పాత చేతి మెషిన్‌కి, కూడా వచ్చింది, ఎవరి దగ్గరైనా పాత డీఎస్ ఉంటే దొరకొచ్చు, కానీ అందులో ఇంగ్లీష్ పాటలు లేవు, పాటలన్నీ జపనీస్ లోనే, ఫైట్లు కూడా గళ్ళవి తీసేసి మామూలుగా వరసలో నిలబడి కొట్టుకునేవి పెట్టారు. పాటలు అర్థం చేసుకుంటూ ఆడాలంటే అది వద్దు, ఈ స్విచ్‌ది తీస్కోండి. పీసీకి కూడా వచ్చింది. ఇంగ్లీష్ పాటల్లో గొంతులు కాస్త స్కూల్ యానివర్సరీ లాగా ఉంటాయి, అక్కడక్కడా పదాల్ని రాగంలో కుక్కినట్టు తెలిసిపోతది, జపనీస్ లో వింటే రాగం హాయిగా పోతది. నేను పిల్లతో ఇంగ్లీష్ లో, మెట్రోలో జపనీస్ లో ఆడా. కాబట్టి కోచ్ మొత్తానికి వినబడ్డది జపనీస్, అదొక్కటే నా అదృష్టం, ఏం పాడుతుందో ఎవ్వరికీ తెలీదు.

ఫుల్ రేట్ పెట్టి కొనాలా అంటే నేనైతే సేల్ కోసం ఆగమంటా. పన్నెండు గంటల గేమ్, అందులో మూడు గంటలు ఒకే గది చుట్టూ తిరగడం, ఫైట్లు చప్పన, పెద్దోళ్ళు ఒంటరిగా కూర్చుంటే రెండో గుహ దగ్గర వదిలేసే ఛాన్స్ చాలా ఉంది. అదే ఇంట్లో ఏడు నుంచి పదేళ్ళ పిల్లలుండి, చదివి వినిపించే ఓపిక మీకుంటే కళ్ళు మూసుకుని తీస్కోండి. తెలుగు సబ్‌టైటిల్స్ ఎలాగూ ఉండవు, మీరే చెప్పుకోవాలి, మొదట్లో విసుగనిపిస్తది గానీ మార్జోలీ డైలాగులు మన భాషలో మన తిట్లతో చెప్తుంటే దాని మజా వేరు. మార్కులంటారా, ఫైట్లకి అయిదుకి రెండు, గుహలకి ఒకటి, అది కూడా నోట్‌బుక్ పుణ్యాన, పాటలకి అయిదుకి అయిదు, మార్జోలీకి ఆరు.

దీని రెండో భాగం జపాన్ లో 1999 లో, మూడోది 2000 లో వచ్చినా ఇంగ్లీష్ లోకి రావడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది, 2023 లో రెండూ కలిపి మార్ల్ కింగ్‌డమ్ క్రానికల్స్ అని వేశారు. రెండోదాంట్లో కార్నెట్ కూతురు కథ. నేను ఇంకా కొనలా, డాలస్ వాడు దసరాకి వస్తానన్నాడు, లిస్టులో రాయించా. మొన్న పిల్ల హన్మకొండ నుంచి ఫోన్ చేసి మొదటి ప్రశ్న అదే, వచ్చిందా అని. రాలేదన్నా. "వస్తే నేను వచ్చేదాకా తెరవకు, నోట్‌బుక్ కొత్తది కొన్న" అని చెప్పి, ఫోన్ అమ్మమ్మకియ్యి అన్నది. వాళ్ళిద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు, ఫోన్ పెట్టేశాక అమ్మ స్విచ్ తీసుకపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది.